నీలవేణి ఆడమనిషే అని తీర్మానం

గాజువాకలో లారీల షెడ్డు నడుపుకునే సన్యాసిరావుకి భక్తి ఒక్కటే, అదీ ఉప్పుగాలి మీద. ఉప్పుగాలి అంటే సముద్రం మీంచి వచ్చేది కాదు. నలుగురు విశాఖపట్నం కుర్రాళ్లు కట్టిన రాక్ బ్యాండు. ఒకప్పుడు వాళ్లు మేడ మీద గిటార్లు వాయిస్తుంటే కింద వాటాలవాళ్లు చీపుళ్లు పట్టుకుని పైకొచ్చేవారు. ఆ తర్వాత అవే కేకల్ని తెలుగు జనం నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ కుర్రాళ్లకి బట్టతలలు, బీపీలు వచ్చాయనుకోండి. అభిమానులకీ బట్టతలలే కాబట్టి ఆ తేడా ఎవరికీ కనబడదు.

ఆ అభిమానులకో సంఘం ఉంది. సంఘం అంటే ఊరుకోరు, సమాఖ్య అనాలి. అఖిలాంధ్ర ఉప్పుగాలి అభిమానుల సమాఖ్య, రిజిస్టర్డ్. దానికి నియమావళి, జిల్లా శాఖలు, మండల శాఖలు, అధ్యయన విభాగం, క్రమశిక్షణ సంఘం అన్నీ ఉన్నాయి. పాటలు వినడానికి ఇవన్నీ ఎందుకయ్యా అని అడిగేవాణ్ణి క్రమశిక్షణ సంఘం చూసుకుంటుంది. అధ్యక్షుడు విశ్వంభరం గారు సహకార శాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. జీవితంలో ఒక్క పాటైనా చివరిదాకా విన్నాడో లేదో తెలీదు గానీ, కోరం లేకుండా ఒక్క సమావేశాన్నీ జరగనివ్వలేదు. సన్యాసిరావు ప్రధాన కార్యదర్శి. సాయంత్రమయ్యేసరికి గ్రీజు చేతులు కడుక్కుని, చొక్కాకి బ్యాడ్జీ పెట్టుకుని సమాఖ్య ఆఫీసుకి పోయేవాడు. ఆ బ్యాడ్జీ పెట్టుకున్నాక అతని నడకే వేరు.

ఉప్పుగాలి పాటలన్నింటిలోకీ పెద్ద పాట 'నీలవేణి'. రాసిందీ పాడిందీ జోసెఫ్ దయానందం. ఆ పాట ఎత్తుకుంటే స్టేడియమంతా లేచి నిలబడేది.

*కొండ మలుపులో అలిగి ఆగావు నీలవేణీ*
*దోసిళ్లతో నీళ్లు తెచ్చి నీ దాహం తీర్చాను నీలవేణీ*
*ఒళ్లంతా నిప్పై నువ్వుంటే నీడలో నిలిపాను*
*వెనకనుంచి నా చెయ్యి పడితేనే కదిలావు*

ఇంతే. ఈ నాలుగు ముక్కల మీద అధ్యయన విభాగం కన్వీనర్ లలితాంబ గారు మూడు పుస్తకాలు వేశారు. దాహమంటే ఆత్మ దాహమనీ, నిప్పంటే సమాజం పెట్టిన చిచ్చనీ, వెనకనుంచి పడిన చెయ్యి అంటే స్త్రీ ప్రగతికి పురుషుడి చేయూత అనీ తేల్చారు. ఆ చేయూత గురించి మహిళా సభ్యులు కొందరు అభ్యంతరం చెబితే, రెండో ముద్రణలో దాన్ని విధి అని మార్చారు. ఈ పాట పాడి పిల్లల్ని ఒప్పించి పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. పుట్టిన ఆడపిల్లలకి నీలవేణి అని పేరు పెట్టినవాళ్లు అంతకంటే ఎక్కువ.

సన్యాసిరావు కూతురు పేరూ అదే. బారసాల నాడు భార్య నూకరత్నం తన అమ్మమ్మ పేరు పెడదామని పట్టుబట్టింది. సన్యాసిరావు ఒంటికాలి మీద లేచాడు. "నీలవేణి అంటే ఏటనుకున్నావే? లోకంలో ఏ మగాడూ ఏ ఆడదాన్నీ అంతలా చూసుకోలేదు. మన గుంటని కూడా ఎవడో ఒకడు అలాగే చూసుకోవాల" అన్నాడు. అంతమాట అన్నాక నూకరత్నం మాత్రం ఏం చేస్తుంది? సరేనంది.

అలా ఉండగా ఉప్పుగాలి వాళ్లు ఆత్మకథ రాశారు.

నలుగురూ కలిసి రాసిన పుస్తకం. పేరు 'మా గోల'. సమాఖ్య తరఫున విడుదల రోజున ఊరేగింపు తీశారు. పుస్తకం అట్ట బొమ్మని ఫ్లెక్సీ కొట్టించి పాలాభిషేకానికి పాలు తెప్పించారు. పాలు వచ్చేలోపు ముందు వరసలో ఉన్న ఎవరో పుణ్యాత్ముడు ఏడో అధ్యాయం దాకా చదివేశాడు. దాంతో ఊరేగింపు ఆగింది. పాలు టీలోకి వాడుకున్నారు.

ఏడో అధ్యాయంలో దయానందం ఇలా రాశాడు. "మాకో పాత వ్యాను ఉండేది. నీలం రంగుది. నీలవేణి అని పిలిచేవాళ్లం. అరకు ఘాటెక్కిన ప్రతిసారీ ఇంజను వేడెక్కి మలుపులో ఆగిపోయేది. వాగులో నీళ్లు తెచ్చి పోసి, చల్లారేదాకా చెట్టు కింద పెట్టి, నలుగురం వెనకనుంచి తోస్తే అప్పుడు కదిలేది. ఆ విసుగులో పుట్టిన పాటే నీలవేణి. జనం ఆడమనిషి అనుకున్నారు. ఎందుకు చెడగొట్టాలని మేం చెప్పలేదు."

సన్యాసిరావు ఈ ముక్క చదివే వేళకి ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో నీళ్ల సీసా ఉన్నాయి. ఎదురుగా బొగ్గు లారీ ఒకటి బానెట్ ఎత్తుకుని పొగలు కక్కుతోంది. అతను లారీ వంక చూశాడు. సీసా వంక చూశాడు. పాట మొదటినుంచి చివరిదాకా మనసులో ఓసారి పాడుకున్నాడు. అన్నేళ్లపాటు ఆ పాట పెట్టుకునే రేడియేటర్లలో నీళ్లు పోశాడు, ఒక్కనాడు తట్టలేదు. నిజం మొత్తం అర్థమైపోయింది. అర్థమైన మరుక్షణమే పైకి "అబద్ధం!" అని అరిచాడు. లారీ డ్రైవరు ఉలిక్కిపడి, డీజిల్ కొట్టించిన మాట నిజమే బాబూ అన్నాడు.

ఇంటికెళ్లేసరికి నూకరత్నానికి వార్త అందిపోయింది. "అయితే పిల్లకి బండి పేరు పెట్టావన్నమాట. నయమే, రోడ్డు రోలరు మీద పాట రాయలేదు" అంది.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. నీలవేణి డిగ్రీ రెండో సంవత్సరం. నోరు గల పిల్లే, ఊరికే ఏడ్చే రకం కాదు. ఆ పూట కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడిచిన చోటే కూలబడింది.

"నేను నడుస్తుంటే వెనకాల హారన్ కొడుతున్నారు నాన్నా. మలుపొస్తే ఇండికేటర్ వెయ్యమంటన్నారు. క్యాంటీన్లో మంచినీళ్లు తాగితే చాలు, అందరూ లేచి చప్పట్లు కొడతన్నారు. నాకీ పేరొద్దు. మార్పించీ."

సన్యాసిరావు పక్కనే చతికిలబడ్డాడు. "ఆగమ్మా. సమాఖ్య చూస్తోంది కదా" అన్నాడు.

"సమాఖ్య సంగతి నాకెందుకు? నువ్వు మెకానిక్కువి. నువ్వే చెప్పు. ఆ పాటలో ఉన్నది ఆడమనిషా, బండా?"

సన్యాసిరావు చేతి గ్రీజు తుడుచుకున్నాడు. కూతురు అతని మొహంలోకే చూస్తోంది.

"ఆడమనిషేనమ్మా" అన్నాడు చివరికి.

"అయితే ఉంచుకుంటాను. కానీ అబద్ధమని తేలిందనుకో, పేరు సంగతి తర్వాత, నీతో మాట్లాడను."

అత్యవసర సర్వసభ్య సమావేశం ఓ కల్యాణ మండపంలో పెట్టారు. కుర్చీలు చాలక జనం పెళ్లి పీటల మీద కూడా కూర్చున్నారు. ఒకాయన లేచి, ఈ పాట పాడితేనే మా ఆవిడ పెళ్లికి ఒప్పుకుంది, ఇప్పుడు నా సంసారం చెల్లుతుందా చెల్లదా అని అడిగాడు. ఇంకొకాయన చొక్కా విప్పి వీపు మీద పచ్చబొట్టు చూపించాడు. జడ వేసుకున్న స్త్రీమూర్తి. దీనికి చక్రాలు పొడిపించుకోమంటారా అని గద్గద స్వరంతో అన్నాడు. సభ మొత్తం కళ్లు తుడుచుకుంది. పుస్తకాన్ని తగలబెట్టాలని శ్రీకాకుళం శాఖ కోరింది. అట్ట మీద బ్యాండు బొమ్మ ఉంది కనక తగలబెట్టడం నియమావళికి విరుద్ధమని అధ్యక్షుడు తోసిపుచ్చారు. పోనీ ఏడో అధ్యాయం ఒక్కటే చించుదామన్నారు. ఆఖరి కాగితం వెనక డ్రమ్మర్ ఫొటో ఉందని డ్రమ్మర్ అభిమానులు కుర్చీలు ఎత్తారు.

అప్పుడు విశ్వంభరం గారు కళ్లజోడు సవరించుకుని లేచారు.

"సభ్యులారా, ఆవేశం వద్దు. విషయాన్ని విధానపరంగా పరిశీలిద్దాం. ఆత్మకథ అనగానేమి? తన గురించి తాను ఇచ్చుకున్న వాంగ్మూలం. తన ఖాతాని తానే ఆడిట్ చేసుకోవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. కావున ఉప్పుగాలి గురించి ఉప్పుగాలి వారు చెప్పినది, స్వప్రయోజన కారణంగా, పరిగణనలోనికి తీసుకోదగినది కాదు. ఈ విషయంలో నిష్పాక్షికమైన సంస్థ ఒక్కటే ఉన్నది. అది మనమే."

మండపం దద్దరిల్లింది. అక్కడికక్కడే తీర్మానం జరిగింది. నీలవేణి మానవ స్త్రీ అని ఈ సభ ఏకగ్రీవంగా నిర్ధారించడమైనది. సదరు స్త్రీ ఎవరో, ఎక్కడున్నారో కనుగొనడానికి నిజనిర్ధారణ కమిటీ వేయడమైనది. కన్వీనర్ సన్యాసిరావు. సభ్యులు విశ్వంభరం గారు, లలితాంబ గారు.

సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చింది. నీలవేణి దొరికితే కూతురి పేరు నిలుస్తుంది. తను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. అంతమంది కలిసి వెతికితే లేని మనిషి కూడా దొరక్కపోతుందా అనుకున్నాడు.

దొరికింది.

ముందు పత్రికలో ప్రకటన వేశారు. అర్హతలన్నీ లలితాంబ గారు పాటలోంచే తీశారు. వయసు యాభైకి తక్కువ ఉండరాదు. కొండ ప్రాంతంలో అలిగిన అనుభవం ఉండవలెను. శరీర తత్వం వేడి చేసేదిగా ఉండవలెను. దరఖాస్తులు సంచుల్లో వచ్చాయి. ఒకావిడ తనకి ఏ ప్రాంతంలోనైనా అలిగిన అనుభవం ఉందనీ, కావాలంటే తన భర్త ధ్రువీకరిస్తాడనీ రాసింది.

వడపోసి మిగిలినవాళ్లని క్షేత్ర పరీక్ష కోసం బస్సులో అరకు ఘాటు రోడ్డుకి తీసుకెళ్లారు. పరీక్ష సులువే. కొండ ఎక్కాలి. కమిటీ వెనకాల జీపులో వస్తూ మార్కులు వేస్తుంది. చీర కుచ్చెళ్లు దోపుకుని గబగబా ఎక్కేసిన ఆవిణ్ణి మొదట్లోనే తీసేశారు. 'నీలవేణి లక్షణం కాదు' అని రాసుకున్నారు లలితాంబ గారు. ఇంకొకావిడ మలుపు మలుపుకీ ఆగి అలిగింది గానీ, అలిగే ముందు జీపు వస్తోందో లేదో వెనక్కి తిరిగి చూసుకుంది. కృతకం అని విశ్వంభరం గారు కొట్టేశారు.

అందరికంటే వెనకాల బాగా లావుగా ఉన్న ఒక పెద్దావిడ వస్తోంది. పేరు గంగాభవాని. అసలు ఆవిడ అభ్యర్థి కాదు. చెల్లెలికి తోడొచ్చింది. మొదటి మలుపులోనే రోడ్డు పక్క రాయి మీద కూలబడి "ఇంక నా వల్ల కాదు బాబూ" అంది. మంచినీళ్లడిగింది. సీసాలో నీళ్లు అయిపోతే సన్యాసిరావే వాగులోకి దిగి పట్టుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోందని చెట్టు నీడన కూర్చుంది. లేవమంటే లేవలేదు. మోకాళ్లు పట్టేశాయంది. చివరికి సన్యాసిరావూ, జీపు డ్రైవరూ వెనకనుంచి పట్టి నెడితే గాని నాలుగడుగులు వెయ్యలేదు.

లలితాంబ గారికి ఒళ్లు జలదరించింది. "సాక్షాత్తూ..." అని ఆపై మాట రాక కళ్లు ఒత్తుకున్నారు.

"అమ్మా, మీరేనా నీలవేణి?" అన్నారు విశ్వంభరం గారు చేతులు కట్టుకుని.

"నేనా? కాదు నాయనా. నాకా పాటే తెలీదు. నేను భక్తి పాటలు తప్ప వినను."

"విన్నారా?" అధ్యక్షుడు కమిటీ వైపు తిరిగారు. "దరఖాస్తు చేసుకున్న ప్రతివారూ నేనే నీలవేణిని అన్నారు. ఈమె ఒక్కరే కాదన్నారు. నిజమైన నీలవేణి అయితే తాను నీలవేణినని ఎలా చెప్పుకోగలదు? ఇంతటి నిరాడంబరత! కన్వీనర్ గారూ, నమోదు చెయ్యండి."

సన్యాసిరావు నమోదు చేశాడు. ఆవిడ మోకాళ్ల వంక చూస్తూ, ఆమెని నెట్టిన తన చేతులే ఇంకా నొప్పి పెడుతుంటే, పాటలో మనిషి ఈవిడే ఎందుకు కాకూడదు అని తనని తాను నమ్మించుకోడానికి శతవిధాలా చూశాడు. కూతురితో "దొరికిందమ్మా, ఆడమనిషే" అన్నాడు. నీలవేణి ఎన్నాళ్లకో నవ్వింది. ఆ నవ్వు చూసి సన్యాసిరావు కడుపు నిండా అన్నం తిన్నాడు.

ఇంక మిగిలింది బ్యాండు చేత ఒప్పించడం. అదీ అంత కష్టం కాలేదు. ఉప్పుగాలి వాళ్లు చాలా ఏళ్ల తర్వాత సముద్రం ఒడ్డున కచేరీ పెట్టుకున్నారు. వచ్చేవాళ్లందరూ సమాఖ్య సభ్యులే. సమాఖ్య ఒక లేఖ పంపింది. మీ జ్ఞాపకాలు రికార్డుతో సరిపోలడం లేదు, తగు విధంగా సవరించుకోనిచో సభ్యులు కచేరీకి హాజరు కాజాలరు అని. దయానందం ఫోన్లో కాసేపు నవ్వాడట. తర్వాత నవ్వడం మానేశాడట. రెండో ముద్రణలో ఏడో అధ్యాయం మారుస్తాననీ, సభకొచ్చి గంగాభవాని గారిని గుర్తుపడతాననీ మాటిచ్చాడు.

అంతా సుఖాంతమే అనుకుంటుండగా విశ్వంభరం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. పనిమంతులతో ఇదే చిక్కు. పని అయిపోయాక కూడా ఆగరు. అన్ని శాఖలకీ ఆదేశం తయారైంది. "పాటలోని స్త్రీ అసలు పేరు శ్రీమతి గంగాభవాని అని రుజువైనందున, నీలవేణి అనునది కవి వాడుకున్న మారుపేరు మాత్రమేనని స్పష్టమైనది. కావున ఆమె గౌరవార్థం నీలవేణి అని నామకరణం పొందిన సభ్యుల కుమార్తెలందరి పేర్లూ గంగాభవాని అని సవరించవలెను. కచేరీ వేదికపై సామూహిక పునర్నామకరణ మహోత్సవం జరుగును. ప్రధాన కార్యదర్శి గారి కుమార్తెతో ప్రారంభించబడును."

ఆ ఆదేశం శాఖలన్నింటికీ పంపాల్సింది ప్రధాన కార్యదర్శే. సన్యాసిరావు రెండుసార్లు చదివి తెల్లమొహం వేశాడు. పరుగెత్తుకుంటూ అధ్యక్షుడి ఇంటికి పోయాడు.

"అయ్యా, ఆ పేరు నిలబెట్టడానికే కదండీ ఇదంతా చేసినాం!"

"పేరు కాదయ్యా, వాస్తవం నిలబెట్టాం. అసలు దొరికాక మారుపేరుతో కొనసాగడం రికార్డుల ప్రకారం తప్పు."

"నా కూతురు ఒప్పుకోదండి."

"ఒప్పుకోకపోవడమే మొదటి లక్షణం. గంగాభవాని గారు కూడా ఒప్పుకోలేదు" అన్నారు విశ్వంభరం గారు తృప్తిగా.

ఇంట్లో నీలవేణికి చెప్పక తప్పలేదు. చెబితే ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. తండ్రి ఎదురుగా కూర్చుంది.

"గంగాభవాని ఎవరు నాన్నా?"

"అదే... మోకాళ్ల నొప్పులావిడ."

"ఆవిడ మీదే రాశాడా పాట?"

సన్యాసిరావు బ్యాడ్జీని వేలితో తుడవసాగాడు.

"నాకు పేరు పోతోందని కాదు నాన్నా. నిజం నీకు తెలుసు. నాకు తెలుసు. నీకు తెలుసని కూడా నాకు తెలుసు. అయినా నా మొహం చూసి అబద్ధం చెప్తన్నావు చూడు, అదీ నా బాధ." లేచి లోపలికి పోయింది. నూకరత్నం కూడా ఆ పూట ఒక్క వెటకారం ఆడలేదు. సన్యాసిరావుకి అసలు భయం వేసింది అందుకే.

గుర్తింపు సభకి మండపం కిటకిటలాడింది. వేదిక మీద ఓ పక్క గంగాభవాని గారిని ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. ఆవిడ పాపం, ఎప్పుడు పంపిస్తారు బాబూ, ఇంట్లో ఆయనకి మందులివ్వాలి అని కనబడినవాళ్లందర్నీ అడుగుతోంది. ఇంకో పక్క దయానందం. జీన్స్ ప్యాంటు, చేతికర్ర. సన్యాసిరావు ఇంత దగ్గరగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. మామూలు రోజుల్లో అయితే కాళ్ల మీద పడేవాడు.

"కన్వీనర్ గారు నివేదిక చదివి సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను" అన్నారు అధ్యక్షుడు.

సన్యాసిరావు మైకు పట్టుకున్నాడు. పెన్ను తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అది వ్యానండీ" అన్నాడు.

ముందు వరసలో ఎవరో ఈల వెయ్యబోయి ఆగారు.

"వ్యానే. నాకు మొదటిరోజే తెలుసు. షెడ్డులో పుస్తకం చదివినప్పుడే తెలిసింది. ఏ లారీ క్లీనర్‌ని అడిగినా చెప్తాడు. మనం వినలేదు, అంతే. ఈ పెద్దమ్మకి పాపం మోకాళ్ల నొప్పులు. ఈవిణ్ణి ఇంటికి పంపీండి. పుస్తకంలో బాబుగారు రాసింది అక్షరాలా నిజం. నా కూతురికి నేను వ్యాను పేరే పెట్టుకున్నాను. ఆ పేరు మార్చను."

చెప్పేశాక మోయలేని బరువేదో దించినట్టయింది. ఇంక దయానందం ఉండనే ఉన్నాడు, సొంత పుస్తకమాయె, అవునంటాడు కదా అని నమ్మకంగా ఆయన వైపు తిరిగాడు.

విశ్వంభరం గారూ తిరిగారు. "కవిగారూ, తమరు స్పష్టం చేయండి. వ్యానా, స్త్రీయా?"

దయానందం సభ వంక చూశాడు. నిండుగా ఉన్న కుర్చీల వంక చూశాడు. అన్ని కుర్చీలు నిండగా ఆయన చూసి చాలాకాలమైంది.

"స్త్రీయేనండీ" అన్నాడు. గంగాభవాని గారికి నమస్కారం పెట్టాడు. "వయసు మీద పడింది కదా, రాసేటప్పుడు ఏదో పొరబడ్డాను."

మండపం కప్పు ఎగిరిపోయేలా ఈలలు వేశారు. విశ్వంభరం గారు సన్యాసిరావు వైపు చెయ్యి చాపారు, బ్యాడ్జీ కోసం.

"సన్యాసిరావు గారూ, తమరు సాక్షాత్తూ బ్యాండు వారి మాటనే అబద్ధమన్నారు. అభిమాని అనేవాడికి ఇంతకు మించిన నేరం నియమావళిలో లేదు. ఈ క్షణం నుంచి తమరి సభ్యత్వం రద్దు."

దయానందం పుస్తకాన్ని దయానందం ఎదుటే నిజమని నమ్మినందుకు సన్యాసిరావుని సమాఖ్య బయటికి పంపేసింది. మెట్లు దిగుతుంటే గంగాభవాని గారు వెనకనుంచి కేకేసి, నాయనా, నువ్వు వెళ్లే దారిలోనే అయితే నన్నూ దింపెయ్యి అంది. ఆవిణ్ణి తీసుకెళ్లి దింపాడు.

ఇంటికొచ్చేసరికి నీలవేణి గుమ్మంలోనే ఉంది. చొక్కాకి బ్యాడ్జీ లేకపోవడం చూసింది.

"ఏటి చెప్పావు నాన్నా?"

"వ్యానని చెప్పీసాను. తీసేశారు." అరుగు మీద కూర్చున్నాడు. "నీతో అబద్ధమాడాను తల్లీ. తప్పయిపోయింది. ఇప్పుడు నీ ఇష్టం. మీ అమ్మ వాళ్ల అమ్మమ్మ పేరు పెట్టుకుంటానన్నా సరే, రేపే పోదాం."

నీలవేణి లోపలికెళ్లి 'మా గోల' పట్టుకొచ్చింది. ఇంట్లో ఇన్నాళ్లు ఇంత రాద్ధాంతం జరిగినా ఆ పిల్ల ఆ పుస్తకం ముట్టుకోలేదు. తండ్రి పక్కన కూర్చుని ఏడో అధ్యాయం చదివింది. మెల్లగా ముందుకీ వెనక్కీ తిప్పింది. నలుగురు మనుషులు, డ్రమ్ములు, స్పీకర్లు, గిటార్లు. ఊరూరా అన్నీ ఆ వ్యానులోనే. వానొస్తే అందులోనే పడుకున్నారు. డ్రమ్మర్‌కి జ్వరమొస్తే ఆస్పత్రికి చేర్చిందీ అదే.

"ఇంతమందిని మోసిందా!" అంది. తర్వాత మిగతా కాగితాలన్నీ తిప్పుకుంటూ చివరి అట్ట దాకా వెళ్లింది. "మరి ఆ వ్యాను ఏమైంది?"

"అంటే?"

"అంటే ఏటి నాన్నా, ఏమైందో రాయలేదు. విమానాల్లో తిరగడం మొదలెట్టాక దాని ఊసే లేదు. ఎవరికిచ్చారు? ఎక్కడుంది? ఎవరూ అడగలేదా?"

సన్యాసిరావు ఆలోచించాడు. ఎవరూ అడగలేదు. అంత పెద్ద సమాఖ్యలో, అన్ని శాఖల్లో, అన్ని సమావేశాల్లో ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు.

"ఆయన నంబరు ఉందా నీ దగ్గర?"

"ఉందిగానీ..."

"ఇలా ఇవ్వు."

ఫోన్ స్పీకర్లో పెట్టి చేసింది. చాలాసేపు మోగాక దయానందం ఎత్తాడు. వెనకాల ఇంకా సభ తాలూకు గోల వినిపిస్తోంది.

"మీ పాత వ్యాను ఏం చేశారండీ?" అంది నీలవేణి.

"ఏ వ్యాను? అదంతా నేను పొరపాటున రాశానమ్మా. ఇందాకే సభలో చెప్పాను."

"అది కాదండీ. ఏం చేశారు దాన్ని?"

వెనక గోల కొంచెం తగ్గింది. ఆయన పక్కకొచ్చినట్టున్నాడు.

"అనకాపల్లి రోడ్డులో ఓ పాత సామానువాడికి ఇచ్చేశాం" అన్నాడు. "ఇచ్చిన రోజు నేను వెళ్లలేదు. మనిషి చేత పంపించాను... ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. ఎవరమ్మా నువ్వు?"

సన్యాసిరావు కూతురి వంక చూశాడు.

"నీలవేణినండీ" అంది ఆ పిల్ల.

అవతల దయానందం ఏమీ అనలేదు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.